స్క్రోల్ సాతో కోశాక రాలిన ముక్కల్ని ఏం చేయాలి?

మీరు అడిగింది ఇదీ: స్క్రోల్ సా (సన్నని బ్లేడు పైకీ కిందికీ ఆడుతూ చెక్కలో వంపులు కోసే రంపపు మిషను) మీద పేరు బోర్డులు, జాలీ డిజైన్లు కోస్తుంటే లోపలి నుంచి ఊడిపడే ముక్కలతో డబ్బాలు నిండిపోతున్నాయి, పారేయడానికి మనసు రావడం లేదు, వాటిని దేనికైనా వాడొచ్చా అని. వాడొచ్చండీ. ఏడేళ్లుగా ఈ పని చేస్తున్నాను. నేను రోజూ చేత్తో పట్టుకునే వస్తువుల్లో చాలావరకు అలా రాలిన ముక్కలే. కాకపోతే ముందుగా ఒక మాట. ముక్క కింద పడ్డాక దీంతో ఏం చేద్దామా అని చూస్తే అప్పటికే సగం ఆలస్యమైనట్టు. డ్రిల్లుతో బెజ్జం వేయకముందే అనుకోవాలి.

ఎందుకో చెబుతాను. లోపలి భాగం కోయాలంటే బ్లేడు దూర్చడానికి బెజ్జం వేస్తాం కదా. మొదట్లో నేను దాన్ని పోయే భాగం నడిమధ్యలో వేసేదాన్ని. అక్కడి నుంచి గీత దాకా కోసుకుంటూ వెళ్లాలి కాబట్టి, రాలిన ముక్కకు మధ్యలో కన్నం, ఆ కన్నం నుంచి అంచు దాకా గాటు పడతాయి. ఒకసారి పిట్టల ఆకారంలో ఖాళీలుండే పలక ఒకటి కోశాను. పలక బాగా వచ్చింది, కానీ నా చూపంతా కింద పడ్డ ఐదు పిట్టల మీదే. అరచేతిలో పెట్టుకుని చూస్తే ముక్కు, తోక, ఎత్తిన తల అన్నీ కుదిరాయి, పొట్టకు అడ్డంగా మాత్రం గాటు. రంపపు పొట్టులో జిగురు కలిపి పూడ్చాను. చెక్కలా జిగురు రంగును పీల్చుకోదు కాబట్టి, రంగు వేయగానే ఆ చోటు మచ్చలా తేలింది. తర్వాతి పలకకు 1 మిల్లీమీటరు బిట్టు తీసుకుని, బెజ్జాన్ని సరిగ్గా గీత మీదే, తోక మలుపు దగ్గరి మూలలో వేశాను. బ్లేడు కూడా ఆ బెజ్జంలో దూరేంత సన్నదే వాడాను. మూలలో బెజ్జం ఆనవాలు అటు పలకలోనూ కనపడలేదు, ఇటు పిట్టలోనూ కనపడలేదు. ఆ పిట్టలు ఇప్పుడు అయస్కాంతం అంటించుకుని ఫ్రిజ్ మీద ఉన్నాయి.

పేరు బోర్డులంటున్నారు కాబట్టి ఇంకో సంగతి. మన అక్షరాలన్నీ గుండ్రాలే. పలకలో అక్షరాన్ని ఖాళీగా కోస్తే సున్నా లోపలి బిళ్ల, ‘ర’ పొట్టలోని బిళ్ల కూడా ఊడి వచ్చేస్తాయి. అవి వృథా ముక్కలు కావు, వెనక ఇంకో పలక అంటించాక మళ్లీ తమ చోట్లో కూర్చోవలసినవి. అందుకని కోయకముందే వెనకవైపు పెన్సిలుతో ఒక అంకె వేసి, ఏ వైపు పైకి రావాలో బాణం గుర్తు పెట్టండి. లేకపోతే చెక్క నార బోర్డంతా అడ్డంగా ఉండి బిళ్లలో నిలువుగా తిరుగుతుంది, ఎంత బాగా అంటించినా కన్ను అక్కడికే పోతుంది. అక్షరాన్నే విడిగా కోసుకుంటే మాత్రం ఆ బిళ్లలు మిగిలిపోతాయి. అంచులు నున్నగా రుద్దితే ఆటల్లో పావులుగా వాడుకోవచ్చు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది పొదుగు పని, అంటే ఒక రంగు చెక్క ఖాళీలో ఇంకో రంగు చెక్క ముక్కను కూర్చడం. లేతరంగు చెక్క, ముదురురంగు చెక్క ఒకదాని మీద ఒకటి పెట్టి, డబుల్ సైడ్ టేపుతో అంటించి, రెండూ కలిపి ఒకేసారి కోస్తాను. అప్పుడు లేత పలకలోంచి రాలిన ముక్క ముదురు పలక ఖాళీలోకి, ముదురు ముక్క లేత పలకలోకి వెళ్తాయి. ఒక్క కోతకు రెండు పలకలు, రాలింది ఏదీ మిగలదు. చెక్కను ఆనించే రంపం టేబుల్‌ని సమంగా ఉంచి కోస్తే చుట్టూ బ్లేడు మందమంత సన్నని సందు ఉంటుంది. అది గీత గీసినట్టు కనపడుతుంది, కొన్ని బొమ్మలకు అదే అందం. సందు అసలు వద్దనుకుంటే టేబుల్‌ని కొంచెం వంచాలి. ఒక్కో పలక 6 మిల్లీమీటర్లు, బ్లేడు మందం 0.3 మిల్లీమీటర్లు అయితే దాదాపు 3 డిగ్రీల వంపు సరిపోతుంది. పలక మందం పెరిగితే వంపు తగ్గించాలి. అలా కోసినప్పుడు ముక్క బిరడాలాగా బిగుసుకుంటుంది. చుట్టూ ఒకే దిశలో తిప్పాలి, మధ్యలో దిశ మార్చకూడదు. ఇందులో ఒక నష్టం ఉంది. వంచి కోస్తే ఒక్క జతే బిగుస్తుంది, రెండో జతలో సందు ఇంకా పెద్దదవుతుంది. ఇది తెలియక మంచి వాల్‌నట్ చెక్క ఒకటి పాడుచేసుకున్నాను. అందుకే ముందు పనికిరాని చెక్క మీద కోసి చూసి, ఏ వైపు వంచితే ఏ జత బిగుస్తుందో టేబుల్ అంచున రాసి పెట్టుకున్నాను.

అందానికి పనికిరాని ముక్కలు పనిముట్లవుతాయి. వంపు తిరిగిన అంచును కోసినప్పుడు బయట మిగిలే ముక్క ఆ వంపుకి అచ్చుగుద్దినట్టు సరిపోతుంది. జిగురు పెట్టి క్లాంపు బిగించేటప్పుడు దాన్ని మధ్యలో పెట్టండి, క్లాంపు జారదు, అంచు నొక్కుకుపోదు. ముక్కకు జిగురు అంటుకోకుండా టేపు చుట్టాలి, అంతే. అలాగే జాలీ లోపలి అంచులు రుద్దడానికి వేలు పట్టదు. ఆ ఖాళీలోంచి రాలిన ముక్కనే సగానికి కోసి, గరుకు కాగితం అంటించి రుద్దితే మూలల దాకా చేరుతుంది. ఇక రంగు, పాలిష్ ఎలా వస్తాయో చూడటానికి అదే చెక్క ముక్కకన్నా మంచి నమూనా ఎక్కడ దొరుకుతుంది?

చిన్న ముక్కను మళ్లీ కోయాల్సి వస్తే దయచేసి వేళ్లతో పట్టుకుని కోయకండి. నేను నాణెమంత ముక్కను అలాగే పట్టుకున్నాను. బ్లేడు దాన్ని పైకి లేపి టేబుల్ కేసి టపటపా కొట్టింది, గోరు చీలింది. ఇప్పుడు దాన్ని అరచేయంత ప్లైవుడ్డుకి డబుల్ సైడ్ టేపుతో అంటించి, ఆ ప్లైవుడ్డుతో సహా కోస్తాను. వేళ్లు బ్లేడుకు దూరంగా ఉంటాయి, ముక్క టేబుల్ కన్నంలోంచి కిందికి జారిపోదు కూడా. చెవి లోలకులు చేస్తుంటే కొక్కెం బెజ్జం ఆకారాన్ని కోయకముందే, చుట్టూ చెక్క ఉండగానే వేయండి. తర్వాత వేస్తే అంచు చిట్లుతుంది.

పసిపిల్లలున్న ఇళ్లకు ఈ ముక్కలతో బొమ్మలు చేసి ఇచ్చే ముందు వాటి కొలత చూడండి. మూడేళ్ల లోపు పిల్లల బొమ్మల్ని పరీక్షించే గొట్టం వ్యాసం దాదాపు 32 మిల్లీమీటర్లు. అందులో పూర్తిగా ఇమిడిపోయే ముక్క వాళ్ల చేతికి ఇవ్వకూడదు, గొంతుకు అడ్డం పడుతుంది.

మిగిలినవి పారేయండి, బాధపడొద్దు. నేను ఒక్క డబ్బానే ఉంచుకుంటాను. అది నిండితే కొత్త పని మొదలుపెట్టే ముందు నేల మీద గుమ్మరించి, చేతిలోకి తీసుకోగానే ఏదో ఒకటి తోచిన ముక్కలే వెనక్కి వేస్తాను. ఒకటి గమనించండి, ప్లైవుడ్, ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో అదిమి చేసే పలక) ముక్కల్ని పొయ్యిలో వేయకూడదు, వాటిలోని జిగురు కాలితే వచ్చే పొగ మంచిది కాదు. రంగు, పాలిష్ తగలని అసలు చెక్క అయితే పొయ్యికి ఇబ్బంది లేదు.

మీ డబ్బాల్లో ఇప్పటికే గాట్లతో ఉన్నవి చాలానే ఉంటాయి. వాటిలోంచి గాటు అంచు దగ్గరే ఉన్నవి ఏరండి. అంత మేర కోసేసి కొత్త ఆకారం ఇవ్వొచ్చు. పిట్టకు ఆ వైపు తోక కొంచెం పొట్టిదైతే ఏమీ కాదు.