మేకల కాపలా కుక్క: ఏ పద్దులో రాయాలి?

ప్రశ్న: టెక్సాస్‌లో ఆస్టిన్‌కు గంట దూరంలో 12 ఎకరాలు కొని 24 మేకలను పెంచుతున్నాం. కిందటేడాది కొయోట్లు (నక్కల్లాంటి అడవి జంతువులు) ఆరు మేకపిల్లలను ఎత్తుకుపోయాయి. పిల్ల 180 డాలర్లు పలుకుతోంది. మందలను కాచే గ్రేట్ పిరనీస్ జాతి కుక్కపిల్లను తెస్తే మందకు కాపలా, మా పిల్లలకు తోడు అవుతుందని మావారి ఆలోచన. ఈ ఖర్చు దండగా? పన్నులో చూపవచ్చా?

జవాబు: ఆరు పిల్లలంటే 1,080 డాలర్లు. 45 కిలోల కుక్క నెలకు 50 పౌండ్ల తిండి బస్తా దాదాపు ఖాళీ చేస్తుంది. టీకాలు, దోమకాటుతో వచ్చే గుండెపురుగుకు నెలనెలా మాత్ర కలిపితే ఏడాదికి 1,000 డాలర్లు వేసుకోండి. మొదటి రోజునుంచే నష్టం ఆగినా మీకు మిగిలేది 80. అలా ఆగదు కూడా. ఈ జాతులకు నిలకడ రావడానికి రెండేళ్లు పట్టవచ్చు. అప్పటిదాకా ఆటలో మేకపిల్లల చెవులు కొరికే రకమే.

అయితే మీరు రాయని అంకె ఒకటుంది. మీ భూమికి మార్కెట్ ధర బదులు వ్యవసాయ విలువ కట్టి ఆస్తిపన్ను తగ్గించి ఉంటే, ఆ తగ్గింపు మేకల మీదే నిలబడింది. ఎకరాలను బట్టి ఎన్ని మేకలుండాలో ఆస్తుల విలువ కట్టే కౌంటీ అప్రైజల్ కార్యాలయం చెబుతుంది. మంద అంతకన్నా పలచబడితే తగ్గింపుకే ఎసరు. భూమి వాడకమే మారిపోతే గడచిన 3 ఏళ్ల తేడా కూడా కట్టాలి. పన్ను నోటీసు తీసి ఆ తేడా ఎంతో చూడండి. అది వేలల్లో ఉంటే కుక్కను నిశ్చింతగా తెచ్చుకోండి. తగ్గింపే లేకపోతే ముందు కంచెకు కరెంటు తీగ వేయించండి.

ఆదాయపు పన్ను సంగతి. లాభం కోసం మేకలు పెంచుతూ వ్యవసాయ లాభనష్టాలు చూపే షెడ్యూల్ ఎఫ్ ఫారం దాఖలు చేస్తుంటే మందలో ఉండే కుక్క తిండి, వైద్యం వ్యవసాయ ఖర్చే. సోఫా మీద పడుకునే కుక్కకు ఆ వెసులుబాటు లేదు. 5 ఏళ్లలో 3 ఏళ్లు లాభం చూపకపోతే, ఇది సరదా కాదు వ్యాపారమేనని నిరూపించుకోవాల్సిన భారం మీ మీద పడవచ్చు.

మీవారి ఆలోచనతో నాకు పేచీ ఇక్కడే. కుక్కపిల్ల ఎనిమిదో వారం నుంచి పదహారో వారం దాకా మేకల మధ్యే పెరగాలి. ఇంట్లో పెంచితే అది వరండాకు కాపలా కాస్తుంది, కొయోట్లు దొడ్డికి వస్తాయి. మీ పిల్లలు సాయంత్రం దొడ్డిలోకి వెళ్లి నిమరాలి, మెడకు తాడు అలవాటు చేయాలి. రేపు పశువైద్యుడి దగ్గర అదే అక్కరకొస్తుంది. పడకగదిలో తోడు కావాలంటే అది వేరే కుక్క, ఇంటి పద్దు.

టెక్సాస్ ఎండకు పొట్టి వెంట్రుకల మరో కాపలా జాతి అనటోలియన్ షెపర్డ్‌ను కూడా చూడండి. ఇంత పెద్ద జాతుల్లో కడుపు మెలిపడే ప్రమాదం ఉంది. అర్ధరాత్రి శస్త్రచికిత్సకు వేల డాలర్లవుతాయి. కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌తోపాటే కడుపును కుట్టించేస్తే ఆ ముప్పు చాలావరకు తప్పుతుంది. ఇవి రాత్రంతా మొరుగుతాయి, పొరుగువారికి ముందే చెప్పండి. కుక్క కరిస్తే బాధ్యత పాలసీలోకి వస్తుందో రాదో బీమా కంపెనీతో రాతపూర్వకంగా తేల్చుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి.