పారా ఎస్‌ఎఫ్, మార్కోస్, ఎన్‌ఎస్‌జీ: దారులు వేరు

ప్రశ్న: డిగ్రీ చదువుతున్న మా అబ్బాయి కమాండో అవుతానంటున్నాడు. ఈ దళాలన్నీ ఒకటేనా? నేరుగా చేరవచ్చా?

జవాబు: ఒకటి కాదండీ. పారా స్పెషల్ ఫోర్సెస్ సైన్యానిది. 1987లో మొదలైన మార్కోస్ (మెరైన్ కమాండోలు) నౌకాదళానిది. వీరి స్థావరం ఐఎన్‌ఎస్ కర్ణ మన విశాఖ దగ్గరే ఉంది. 1984లో ఏర్పడిన ఎన్‌ఎస్‌జీ (నేషనల్ సెక్యూరిటీ గార్డ్) కేంద్ర హోంశాఖ కింద పనిచేస్తుంది. దానికి సొంత నియామకాలు లేవు. సైన్యం నుంచి, పోలీసు బలగాల నుంచి డిప్యుటేషన్‌పై వచ్చి, గడువు తీరాక సొంత దళానికి వెళ్లిపోతారు.

అందుకే ముందు సైన్యంలోనో, నౌకాదళంలోనో, పోలీసు బలగంలోనో చేరాలి, తర్వాత స్వచ్ఛందంగా ముందుకు రావాలి. ఆగ్రాలో పారాచూట్‌తో ఐదు దూకుళ్లు, అందులో ఒకటి రాత్రిపూట, పూర్తిచేస్తే పారా వింగ్స్ అనే బ్యాడ్జి వస్తుంది. మెరూన్ బెరే (ముదురు ఎరుపు టోపీ) మామూలు పారా జవాన్లకూ ఉంటుంది. బలిదాన్ బ్యాడ్జి మాత్రం స్పెషల్ ఫోర్సెస్ (ఎస్‌ఎఫ్) ప్రొబేషన్, అంటే పరీక్షా కాలం, గట్టెక్కినవారికే. నిద్ర లేకుండా, బరువు మోస్తూ నడిపించే ఆ నెలల్లో చాలామంది వెనుదిరుగుతారు.

కండలకంటే ముందు పాదాలు దెబ్బతింటాయి. కొత్త బూట్లు, తడిసిన సాక్సులు కలిస్తే మడమ బొబ్బలెక్కుతుంది. వాడిన బూట్లతో, తక్కువ బరువుతో నడక మొదలుపెట్టమనండి. ఈత ఇప్పుడే నేర్పించండి.