వాగు ఇసుక తరలిపోకుండా పంచాయతీ తీర్మానం ఆపగలదా? మా ఊరి అనుభవం

మీరు డిసెంబరు 2025 పంచాయతీ ఎన్నికల్లో వార్డు సభ్యుడిగా గెలిచానని, రాత్రిళ్లు ట్రాక్టర్లు మీ వాగు ఇసుకను పట్నానికి తోలుతున్నాయని రాశారు. "ఇసుక రవాణా నిషేధం" అని పంచాయతీలో తీర్మానం చేస్తే ఆగుతుందా అని అడిగారు. ఆ ఒక్క మాట రాస్తే ఆగదు. మేం రాసి చూశాం. అట్లని తీర్మానం వృథా అనుకోకండి. అందులో ఏం రాస్తామన్న దాంట్లోనే ఉంది అంతా.

నేను 2019 నుంచి, 2024 ఫిబ్రవరిలో ప్రత్యేకాధికారుల పాలన వచ్చేదాకా వార్డు సభ్యుడిని. మాది ఆకేరులో కలిసే ఒక చిన్న వాగు ఒడ్డు ఊరు. నా చిన్నప్పుడు ఎండాకాలం పశువులు కాస్తూ దాహమైతే ఇసుకలో మూరెడు లోతు చేత్తో తోడేవాళ్లం. కాసేపటికి చెలిమ ఊరేది. మొదటి దోసిలి మురికిగా వస్తే పారబోసి, తేరుకున్నాక తాగేవాళ్లం. 2021 ఎండాకాలం అదే చోట నిలబడితే కాళ్ల కింద బండ తేలి ఉంది, పక్కన ట్రాక్టరు టైర్ల గాడిలో బంకమట్టి ఎండి నెర్రెలు బారింది. మా బావి కింద యాసంగిలో రెండెకరాల వరి పండేది. ఆ ఏడు ఫిబ్రవరికే మోటరు అరగంట పోసి గాలి గుంజడం మొదలుపెట్టింది. ఇంకో పైపు దింపినా అంతే. ఇసుక మేట ఉన్నన్నాళ్లు వాన నీటిని పట్టి ఉంచి, మెల్లగా పక్క బావులకు ఊట ఇస్తుంది. ఇసుక పోయి వాగు అడుగు లోతైతే తిరగబడుతుంది, బావుల్లో నీళ్లే వాగులోకి జారిపోతాయి. మా నాన్నకు ఇది చదువు లేకుండానే తెలుసు, "వాగు గుంతైతే బావి ఎండుతది" అనేవాడు.

అప్పుడే మొదటి తీర్మానం చేశాం. "గ్రామ శివారు నుండి ఇసుక రవాణా నిలిపివేయాలని ఏకగ్రీవంగా తీర్మానించడమైనది." ఒకటే వాక్యం. మండలానికి పట్టుకుపోతే అక్కడొక అధికారి చదివి పక్కన పెట్టి, "ఇసుక మీది కాదు, సర్కారుది. మీరెట్ల ఆపుతరు?" అన్నాడు. కోపం వచ్చింది గానీ, చట్టం ప్రకారం ఆ మాట తప్పు కాదు. రాజ్యాంగం 11వ షెడ్యూల్లో పంచాయతీలకు అప్పగించదగ్గ అంశాలు 29 ఉన్నాయి, వాటిలో చిన్న నీటిపారుదల ఉంది గానీ ఖనిజాలు లేవు. ఇసుక చిన్నతరహా ఖనిజం. 1957 గనుల చట్టం 15వ సెక్షన్ ప్రకారం దాని మీద నిబంధనలు పెట్టేది రాష్ట్ర ప్రభుత్వం. మన తెలంగాణలో 2015లో ఇసుకకు వేరే నిబంధనలే వచ్చాయి. 2018 పంచాయతీరాజ్ చట్టం మొక్కలు, పారిశుద్ధ్యం, నర్సరీల భారమంతా సర్పంచుల మీద పెట్టింది కానీ, వాగు ఇసుక మీద హుకుం మాత్రం ఇవ్వలేదు. బావి ఎండితే తిట్లు తినేది మనం, ఇసుక మీద మాట చెల్లేది ఇంకొకరిది. ఇది అన్యాయమని నేను ఇప్పటికీ అంటాను.

దారి చూపింది మా మామ. భూగర్భ జలశాఖలో చేసి రిటైరైన మనిషి. "ఖనిజం అని పోతే నువ్వు ఓడుతవ్ అల్లుడూ, నీళ్లు అని పో" అన్నాడు. వాల్టా, అంటే 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం. ఉమ్మడి రాష్ట్రంలో వచ్చింది, తెలంగాణలోనూ అమల్లో ఉంది. దాని నిబంధనల్లో మనకు పనికొచ్చే మాటలు రెండు. సాగుకైనా తాగడానికైనా ఉన్న బావికి, బోరుకు 500 మీటర్ల లోపల ఇసుక తీయకూడదు. వంతెనలకూ ఆనకట్టలకూ అంతే దూరం. రెండోది, వాగులను ఆర్డర్లుగా, అంటే చిన్న పాయల నుంచి పెద్ద వాగుల దాకా అంచెలుగా విడదీశారు. 1, 2, 3 ఆర్డర్ల చిన్న వాగుల ఇసుక ఒడ్డున ఉన్న ఊళ్ల సొంత అవసరాలకే. వాటి నుంచి బండ్ల మీద బయటికి తోలడం నిషేధం.

మా వాగు ఏ ఆర్డర్ అని ఎవర్ని అడిగినా సరిగా చెప్పలేదు. భూగర్భ జలశాఖకు సమాచార హక్కు కింద రాతపూర్వకంగా అడిగాం. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. మాది ఆ చిన్న ఆర్డర్ల వాగే అని తేలింది. మీరు కూడా ముందు ఈ పని చేయండి. ఆ జవాబు కాగితం చేతిలో లేకుండా మిగతాదేదీ నిలబడదు. మీ వాగు పెద్దదై 4, 5 ఆర్డర్లలోకి వస్తే అక్కడ ప్రభుత్వమే రీచ్ (ఇసుక తీసే చోటు) ఇచ్చి రాష్ట్ర ఖనిజాభివృద్ధి సంస్థ ద్వారా అమ్మే వీలుంది, అప్పుడు మీ వాదన 500 మీటర్ల దగ్గరే నిలబడాలి.

తర్వాత కొలతలు. 30 మీటర్ల టేపు, నలుగురం మనుషులం, మూడు పొద్దులు. ఒక్కో బావికి పట్టాదారు పేరు, సర్వే నంబరు, ఇసుక తీసిన గుంత నుంచి దూరం, నీటి లోతు అన్నీ నోటుబుక్కులో రాసి, తేదీ పడేట్టు ఫోటోలు తీశాం. మొత్తం 19 బావులు, బోర్లు తేలాయి. ఊరికి నీళ్లిచ్చే పంచాయతీ బావి కూడా అందులో ఉంది. ఆ బావి లెక్కలో ఉండటమే మాకు అన్నిటికంటే బలమైంది.

గ్రామసభ రెండు నెలలకోసారి పెట్టాలని చట్టంలోనే ఉంది, కాబట్టి దానికోసం ఎవరినీ బతిమాలాల్సిన పని లేదు. ముందు రోజు డప్పు చాటింపు వేయించాం. సభలో మొదట లేచింది ట్రాక్టర్ల వాళ్లే. అందరూ మా ఊరి పిల్లలే, ఫైనాన్సు మీద తెచ్చిన బండ్లు. "కిస్తీ ఎవరు కడ్తరు?" అని అడిగాడు ఒకడు. ఇల్లు కట్టుకుంటున్న ఒకామె, "ఇసుక బందైతే నా గోడలెట్ల లేస్తయ్?" అంది. ఇద్దరి మాటా నిజమే. మొదటి తీర్మానం ఊళ్లోనే ఎందుకు నిలబడలేదో అప్పుడు అర్థమైంది. మేం అందరికీ అడ్డం పెట్టాం, చట్టం మాత్రం ఊరి అవసరాన్ని వదిలేసి బయటికి పోయేదాన్నే ఆపమంది.

సర్పంచ్ అక్క అక్కడికక్కడే తేల్చింది. ఊళ్లో ఇంటికి, గుడికి, బడికి తోలే ఇసుక మన ట్రాక్టర్లే తోలాలి, ట్రిప్పు కిరాయి ఇంత అని అందరూ ఒప్పుకున్నారు. దానికి కూడా తహశీల్దారు అనుమతి చీటీ ఉండాలి, పగటిపూటే తోలాలి, బావులకు దూరంగా ఉన్న చోటనే తీయాలి. బయటికి ఒక్క ట్రిప్పు పోవద్దు. రెండో తీర్మానంలో ఇదంతా రాశాం. బావుల పట్టిక, సమాచార హక్కు జవాబు, ఫోటోలు జతచేసి, చివర "వాల్టా నిబంధనల ప్రకారం చర్య తీసుకోగలరు" అన్నాం. తహశీల్దారుకు, గనుల శాఖకు, భూగర్భ జలశాఖకు ఒక్కో ప్రతి ఇచ్చి రసీదు తీసుకున్నాం. సోమవారం ప్రజావాణిలో కలెక్టరుకు ఇంకో ప్రతి ఇచ్చాం.

పది రోజుల్లో గిర్దావర్ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) వచ్చి పంచనామా చేశాడు. తర్వాత వారం రాత్రిపూట రెండు బండ్లు పట్టుబడ్డాయి, జరిమానా పడింది. అంతటితో పూర్తిగా ఆగిపోయిందని చెబితే అబద్ధమవుతుంది. ఎన్నికల ముందు, పండగల ముందు మళ్లీ రెండు మూడు సార్లు తోలారు. కానీ ప్రతిసారీ పాత తీర్మానం నకలు, పాత రసీదు నంబరు వేసి ఫిర్యాదు పెడితే, "మీకేం హక్కు" అని మాత్రం మళ్లీ ఎవరూ అనలేదు. మూడో ఏడుకు మా బావిలో మోటరు మార్చి నెల దాకా పోసింది.

మీది ఏటూరునాగారం, తాడ్వాయి వైపు ఏజెన్సీ ఊరైతే సంగతి వేరు. అక్కడ 1996 పెసా చట్టం, అంటే ఏజెన్సీ ప్రాంతాల పంచాయతీల చట్టం ప్రకారం చిన్నతరహా ఖనిజాల లీజుకు ముందు గ్రామసభ లేదా తగిన స్థాయి పంచాయతీ సిఫారసు తప్పనిసరి. మైదాన ప్రాంతంలో మనకు ఆ బలం లేదు.

ఇంకొక్కటి, కొలిచేటప్పుడు జాగ్రత్త. మొదట మేం వాగు నడిమి దాకా కొలిస్తే ఒక బావి 500 మీటర్లు దాటింది. గుంత అంచు దాకా మళ్లీ కొలిస్తే లోపలికే వచ్చింది. టేపు ఒక కొస బావి ఒర మీద, ఇంకో కొస గుంత అంచు మీద పట్టండి, ఆ బావి రైతును పక్కన నిలబెట్టి ఫోటో తీయండి.