సమాధానం: మూడో సెమిస్టర్‌లో ఎస్‌జీపీఏ (ఆ సెమిస్టర్ గ్రేడ్ల సగటు) 8.4 నుంచి 7.1కి పడిపోయింది, ఇక సీజీపీఏ (కోర్సు మొత్తం సగటు) పోయినట్టేనా?

తమ్ముడూ, ముందు లెక్క చూడు. సెమిస్టర్‌కి 20 క్రెడిట్లన్నావు. ఒక్కో సబ్జెక్టుకి గ్రేడ్ పాయింట్లని క్రెడిట్లతో గుణిస్తారు కదా; 1.3 తగ్గిందంటే పోయినవి 26 పాయింట్లు. ఏఐసీటీఈ (సాంకేతిక విద్యామండలి) నమూనా ప్రకారం బీటెక్ మొత్తం 160 క్రెడిట్లు. 26ని 160తో భాగిస్తే 0.16. మిగతా సెమిస్టర్లు 8.4 దగ్గరే ఉంటే చివరికి 8.24 వస్తుంది. ఇంట్లో వాళ్లకి ఈ అంకె చెప్పు, కాస్త శాంతిస్తారు.

ఆ 26లో 24 రెండు సబ్జెక్టుల్లోనే పోయాయి, గమనించావా? మ్యాథ్స్, సాలిడ్ మెకానిక్స్ నాలుగేసి క్రెడిట్లు, ఎనిమిది గ్రేడ్ పాయింట్లు రావాల్సిన చోట ఐదు. ల్యాబ్ రికార్డులకి రాత్రుళ్లు మేలుకున్నానన్నావు; ల్యాబ్‌కి ఉండేది ఒకటి, ఒకటిన్నర క్రెడిట్లే. నేనూ అచ్చం అదే చేశాను, రికార్డు మాత్రం పెళ్లి శుభలేఖలా ఉండేది!

ఇంటర్నల్ (సెమిస్టర్ మధ్యలో కాలేజీ వేసేవి), ఎక్స్‌టర్నల్ (సెమిస్టర్ చివరి పరీక్షవి) మార్కులు విడివిడిగా చూడు. ఇంటర్నల్‌లో బాగా వచ్చి ఎక్స్‌టర్నల్‌లో దెబ్బతింటే, సబ్జెక్టు రాక కాదు, మూడు గంటల్లో లెక్కలు పూర్తిచేసే అలవాటు లేక. పాత ప్రశ్నపత్రాలు గడియారం పెట్టుకుని రాయి. రెండూ తక్కువైతే సాలిడ్ మెకానిక్స్‌ని బెండింగ్ మూమెంట్ డయాగ్రమ్‌ల (బరువుకి దూలం ఎక్కడ ఎంత వంపు బలం పడుతుందో చూపే పటాలు) దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టాలి, వేరే దారి లేదు.

రీవాల్యుయేషన్ గడువు ఇవాళే కనుక్కో.