టెక్ సందేహాలు: విద్యార్థుల రిపోర్టులు ఉచిత సైట్లలో పెట్టకండి

ప్రశ్న: ఒడిశాలోని పర్లాకిమిడిలో డిగ్రీ పిల్లలకు చెబుతాను. ఈసారి వచ్చిన ప్రాజెక్టు రిపోర్టుల్లో సగం ఒకేలా ఉన్నాయి. కాపీ పట్టుకునే మంచి ఉచిత సైట్ ఏదైనా చెప్పండి.

మాస్టారూ, ఇదే ప్రశ్న బరంపురం నుంచి, రాయగడ నుంచి కూడా వస్తూనే ఉంది. సైట్ పేరు మాత్రం చెప్పను. రిపోర్టు మొదటి పేజీల్లో ఏముంటుందో చూడండి, విద్యార్థి పేరు, రోల్ నంబరు, ఫోన్ నంబరు, సంతకాలతో సర్టిఫికెట్, ఇవన్నీ ఎవరు నడుపుతున్నారో తెలియని సర్వర్‌కి వెళ్లిపోతాయి. కొన్ని సైట్లు ఫైలును తమ దగ్గరే ఉంచుకుంటాయి. రేపు ఆ పిల్ల సొంతంగా రాసుకున్న రిపోర్టే యూనివర్సిటీలో కాపీ కింద తేలొచ్చు. ఇంకొన్ని బ్రౌజర్‌కి తగిలించుకునే తమ చిన్న ప్రోగ్రామ్ (ఎక్స్‌టెన్షన్) వేసుకోమంటాయి, మీరు తెరిచే ప్రతి వెబ్ పేజీనీ చదివే పర్మిషన్ అడుగుతాయి, అంటే మార్కులు ఎక్కించే పోర్టల్, మీ బ్యాంకు పేజీ కూడా. ఇప్పటికే వేసుకుని ఉంటే ఇవాళే తీసేసి పాస్‌వర్డులు మార్చండి.

మీ యూనివర్సిటీ లైబ్రరీలో అడగండి. యూనివర్సిటీ లైబ్రరీలకు సేవలందించే కేంద్ర సంస్థ ఇన్‌ఫ్లిబ్‌నెట్ 2019లో మొదలుపెట్టిన శోధ్‌శుద్ధి పథకం కింద యూనివర్సిటీలకు కాపీ పట్టుకునే సాఫ్ట్‌వేర్ ఇస్తున్నారు. అయితే అది చూపే పోలిక శాతం చూసి తీర్పు ఇవ్వకండి. యూజీసీ 2018 నిబంధనలు డిగ్రీ ప్రాజెక్టు రిపోర్టులకు కాదు, పీజీ, పరిశోధన థీసిస్‌లకు. వాటికే 10 శాతం దాకా పోలికకు శిక్ష లేదు, రిఫరెన్సులు, విషయసూచిక, కృతజ్ఞతలు లెక్కలోంచి తీసేయాలి. అవేవీ తీయకుండా ఎర్ర రంగులో పెద్ద అంకె చూపించే సాఫ్ట్‌వేర్లంటే నాకు ఒళ్లు మండుతుంది.

రాసింది మనిషా, ఏఐయా అని చెప్పే ఏఐ డిటెక్టర్లను అసలు నమ్మొద్దు. చాట్‌బాట్ చేసిన ఒక పెద్ద సంస్థే తన డిటెక్టర్ సరిగా పట్టుకోలేకపోతోందని 2023 జులైలో ఆపేసింది. ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్ల రాతను ఇవి ఎక్కువగా తప్పుపడతాయని అదే ఏడాది పరిశోధనలో తేలింది. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా, రిపోర్టు ఇంగ్లిష్‌లో రాసే మన పిల్లల మీద ఆ నింద వేస్తే ఎలా?

ఫైల్ ప్రాపర్టీస్‌లో అందరికీ ఒకే పేరు కనిపించినా అది సాక్ష్యం కాదు, అందరూ టైపు చేయించేది అదే జిరాక్స్ షాపులో. నిరుటి రిపోర్టులూ ఆ కంప్యూటర్‌లోనే ఉంటాయి, మనం ఏటా అవే టాపిక్‌లు ఇస్తుంటే పిల్లలు వాటినే తెచ్చిస్తారు. టాపిక్ మార్చండి. ఊళ్లో కొమ్ముబొమ్మలు చేసే ఇళ్లకు పంపి, ఒక బొమ్మకు ఎంత ఖర్చవుతుందో, ఎవరు కొంటున్నారో కనుక్కుని రాయమనండి. ఆన్‌లైన్ డాక్యుమెంట్‌లో మొదటి నుంచీ రాయమంటే వెర్షన్ హిస్టరీలో ఏ రోజు ఎంత రాశారో కనిపిస్తుంది. ఒకేసారి పది పేజీలు వచ్చి పడితే పిలిచి అడగండి, అందులోంచి రెండు ప్రశ్నలు చాలు. షాపులో టైపు చేసేవాళ్లు లేచేముందు మెయిల్, వాట్సాప్ రెండూ లాగౌట్ చేయాలని మాత్రం గట్టిగా చెప్పండి.