89 తర్వాత 97

అమ్మాయీ,

ఒకటితో, తమతో తప్ప దేనితోనూ శేషం లేకుండా భాగం కాని ప్రధాన సంఖ్యల మధ్య ఎడాల మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. అమలాపురం బస్సులో ఒకసారి, ఇంటికొచ్చి కాలువ గట్టున కూర్చుని ఇంకోసారి చదివాను. నీకు ఈ లెక్కలంటే ప్రేమ ఉంది, అది ప్రతి పేరాలో తెలుస్తోంది.

కానీ ఆ సంఖ్యలు కొబ్బరితోటలో చెట్లలా ఉంటాయన్నావు. కోనసీమలో పుట్టినదానివి, ఎలా రాశావమ్మా? కొబ్బరి మొక్కని కొలత పెట్టి నాటుతాం, ఇంచుమించు పాతిక అడుగులకొకటి. వీటికి ఆ కొలతే లేదు. 89 దాటితే 97 దాకా ఏమీ రాదు. 101, 103 మాత్రం దగ్గర దగ్గరే. మళ్ళీ 113 నుంచి 127 వరకు ఖాళీ. పోలిక ఎంత అందంగా ఉన్నా తీసెయ్.

6 ఎడం ఎక్కువగా వస్తుందని ఒక్క వాక్యంలో దాటేశావు. నాకు ప్రాణం లేచొచ్చింది అక్కడే! 1000 లోపు లెక్కపెడితే 2 ఎడం 35 సార్లు, 4 ఎడం 40 సార్లు, 6 ఎడం 44 సార్లు వస్తాయి. ఎందుకో చూపించు. 3 దాటిన ప్రధాన సంఖ్యని 3తో భాగిస్తే 1 గానీ 2 గానీ మిగులుతుంది. 1 మిగిలే 7కి 2 కలుపు: 9, మూడో ఎక్కంలో పడింది. 2 మిగిలే 11కి 4 కలుపు: 15, అదీ పోయింది. 6 కలిపితే శేషం మారదు కాబట్టి రెండు రకాలకీ దారి ఉంటుంది. బాగా పెద్ద సంఖ్యల్లో 6 ఎడం కన్నా 30 ఎడమే ఎక్కువసార్లు వస్తుందంటారు. అది అంచనా మాత్రమే, ఆ మాట విడిచిపెట్టకు.

ఇంకొకటి. 2 ఎడం ఉన్న కవలలు అనంతమని 2013లో గణితవేత్త యీటాంగ్ జాంగ్ నిరూపించారని రాశావు. కాదు. 7 కోట్ల లోపు ఎడం ఉన్న జతలు అనంతమని నిరూపించారాయన. మరుసటి ఏడాదికే ఆ హద్దు 246కి దిగింది. 2 దాకా ఇంకా ఎవరూ రాలేదు. ఇలాంటి చోట తప్పు రాస్తే చదివేవాళ్ళు నిన్ను మళ్ళీ నమ్మరు.

ఆదివారం కాగితం, పెన్సిలు పట్టుకుని రా. వరుస ప్రధాన సంఖ్యలైన 887కీ 907కీ మధ్య ఉన్న తొమ్మిది బేసి సంఖ్యల్ని ఇద్దరం చేత్తో భాగిద్దాం. 899 అంత తొందరగా లొంగదు. దాన్ని 29తో భాగించి చూడు, 31 వస్తుంది. ఆ రెండూ కవలలే.

మీ మేస్టారు