జర్మన్‌లో ‘నాకు నచ్చింది’ అనడానికి తెలుగే దగ్గరి దారి

మ్యోగెన్, గెర్న్, గెఫాలెన్, ష్మెకెన్ అన్నీ ‘ఇష్టం’ లాగే ఉన్నాయి, ఏది ఎక్కడ వాడాలి అని అడిగారు. మూడేళ్లుగా జర్మనీలోని లైప్‌జిగ్‌లో ఉంటున్నాను. మొదట్లో నేను పడ్డ తిప్పలన్నీ ఇంగ్లిష్‌లో అనుకుని జర్మన్‌లోకి మార్చడం వల్లే. ఈ ఒక్క విషయంలో ఇంగ్లిష్‌ని పక్కన పెట్టేయండి.

‘ఈ బూట్లు నాకు నచ్చాయి’ అంటాం కదా. నచ్చినవి బూట్లు కాబట్టి క్రియ వాటి వెంటే పోతుంది, మనం ‘నాకు’ దగ్గర ఆగిపోతాం. జర్మన్ వాళ్లదీ అదే పద్ధతి: ‘దీ షూహె గెఫాలెన్ మియర్’. ఒక్క చొక్కా అయితే ‘దస్ హెమ్ట్ గెఫెల్ట్ మియర్’. నచ్చింది, నచ్చాయి తేడా ఎంతో, గెఫెల్ట్, గెఫాలెన్ తేడా అంతే. మియర్ అంటే ‘నాకు’. మా క్లాసులో మిగతా దేశాల వాళ్లు వారాలపాటు కుస్తీ పట్టిన పాఠం ఇది. మనకు పుట్టుకతో వచ్చిందే.

మ్యోగెన్, ష్మెకెన్ తేడా మాత్రం నాకు మా పక్కింటి పెద్దావిడ దగ్గర తెలిసింది. రేగుపళ్ల సైజు నీలం ప్లమ్ పళ్లు పేర్చి చేసిన కేకు ముక్క, ఇంకా వేడిగా, పళ్లెంలో పెట్టి ‘ష్మెక్ట్స్?’ (రుచిగా ఉందా?) అంది. ‘యా, ఇష్ మాక్ కూఖెన్’ అన్నాను. ఆవిడ ఇంకా నా మొహంలోకే చూస్తోంది. మాక్ అంటే మ్యోగెన్ రూపమే, కాబట్టి నేను చెప్పింది ‘నాకు కేకులంటే ఇష్టం’ అని. ఆవిడ అడిగింది తను చేసిన ఈ కేకు సంగతి. ‘ష్మెక్ట్ మియర్ జేర్ గూట్’ (నాకు చాలా రుచిగా ఉంది) అనగానే ఆవిడ మొహం విప్పారింది. ఎప్పుడూ ఉండే ఇష్టానికి మ్యోగెన్, ఇప్పుడు నోట్లో ఉన్న రుచికి ష్మెకెన్.

గెర్న్ పనులకు. క్రియ చెప్పి దాని తర్వాత తగిలించాలి: ‘ఇష్ కొఖె గెర్న్’, నాకు వంట చేయడం ఇష్టం. బేకరీలో ‘ఇష్ విల్’ అని మొదలుపెట్టకండి, ‘నాక్కావాలి’ అని దబాయించినట్టుంటుంది. ‘ఇష్ హెట్టె గెర్న్ త్స్వై బ్ర్యోట్షెన్’ అంటే రెండు బన్నులు మర్యాదగా అడిగినట్టు.

లీబర్, అంటే ‘దానికంటే ఇదే ఎక్కువ ఇష్టం’ అనే మాట, మాత్రం తప్పకుండా అలవాటు చేసుకోండి. ఎవరింటికైనా వెళ్తే టీయా, కాఫీయా అంటారు. మనం మొహమాటానికి ‘ఏదైనా పర్లేదండీ’ అంటాం. ఇక్కడ వాళ్లు నిజంగా తెలుసుకోవాలనే అడుగుతారు. ఒక్క ‘ఎగాల్’ (ఏదైనా ఒకటే) అనే మాటతో సరిపెడితే పట్టించుకోనట్టు వినిపించవచ్చు. ‘లీబర్ టే, బిట్టె’ (టీయే ఇవ్వండి, ప్లీజ్) అనండి, వాళ్లు సంతోషంగా టీకి నీళ్లు పెడతారు.